చర్నాకోలా, బుల్‌విప్పా? తోలు కొరడా అల్లిక నేర్చుకునేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి

పోళా పండుగ దగ్గర పడితే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ బజార్లలో ఎద్దుల సామాను దుకాణాలకు కళ వస్తుంది. గంటలు, మువ్వల పట్టెడలు, కొమ్ముల రంగులు, వాటి పక్కనే గుత్తులుగా వేలాడే చర్నాకోలలు. చేతిలోకి తీసుకుని చూస్తే వాటిలో చాలావరకు నైలాన్ తాడువే. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గాక తోలు చర్నాకోల అల్లేవాళ్లు కూడా తగ్గారు, అందులో వింతేమీ లేదు. వింతంతా ఇంకోచోట ఉంది. ఫోన్లో వీడియోలు చూసి తోలు కొరడా అల్లాలని ముచ్చటపడే కుర్రాళ్లు ఇటీవల బాగానే కనబడుతున్నారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, కంగారూ తోలు ఎక్కడ దొరుకుతది?"

ఆ ప్రశ్న చివర్లో అడగాల్సింది. ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఏ రకం కొరడా, ఏ సరుకు, ఎవరి దగ్గర నేర్చుకోవడం. నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తాను: మన నాందేడ్ జిల్లా సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లకు మొదటి కొరడాగా నాలుగు పాయల బర్రెతోలు చర్నాకోలను మించింది లేదు. ఎందుకో, ఎవరికి ఈ సలహా వర్తించదో కింద రాస్తున్నాను.

కొరడా రకాలు

వీడియోల్లో ఎక్కువగా కనిపించేది బుల్‌విప్. ఇందులో పిడి, జడ కలిసి ఒకటే ఒళ్లు. పిడి లోపల ఇనుప చువ్వ ఉంటుంది. దాని మీద లోపలి జడ, ఆ జడ మీద బిగుతుగా తోలు చుట్టు, మళ్లీ ఒక జడ, మళ్లీ ఒక చుట్టు, అన్నిటి పైన మనకు కనబడే అందమైన జడ. మంచి బుల్‌విప్ అంటే ఇన్ని పొరలు. లోపలి జడలో ఎక్కడైనా ఒక గడ్డ కట్టిందనుకోండి, అది పై పొరలో ఉబ్బుగా తేలుతుంది, కొరడా ఊపినప్పుడు అక్కడే మడత పడుతుంది. దాన్ని సరిచేయాలంటే పైనున్నదంతా విప్పాలి. మొదటిసారి అల్లేవాడి చేతికి ఇది పెట్టడం అంటే ఓనమాలు రాకముందే పద్యం రాయమన్నట్టు.

స్టాక్‌విప్ ఆస్ట్రేలియా పశువుల కాపరులది. గుర్రం మీద కూర్చుని మందను తోలడానికి వాడతారు. పిడి ఒకటిన్నర అడుగు ఉంటుంది, జడ వేరుగా ఉంటుంది, రెండిటినీ తోలు ఉంగరాలు ఒకదానిలో ఒకటి దూర్చి కలుపుతారు. పిడి విరిగితే పిడి మారుస్తారు, జడ పాడైతే జడ మారుస్తారు.

స్నేక్‌విప్‌కు గట్టి పిడి ఉండదు, మొత్తం మెత్తగా ఉండి చుట్ట చుడితే సంచిలో పడుతుంది. చూడ్డానికి తేలిక అనిపిస్తుంది కానీ పిడి నుంచి కొస దాకా బిగువు ఒకే తీరున తగ్గుతూ రావాలి కాబట్టి అల్లేవాడి తప్పులన్నీ ఇందులో బయటపడతాయి. మొదటిదానికి వద్దు, రెండోదానికి పనికొస్తుంది.

ఇక మన చర్నాకోల. రెండు మూడడుగుల వెదురు కర్ర, కొసన గాడి లేదా రంధ్రం, దానికి కట్టిన తోలు జడ, జడ చివర సన్నటి తోలు వారు (పట్టీ). జాగ్రత్తగా చూస్తే దీని నిర్మాణం స్టాక్‌విప్‌దే: పిడి వేరు, జడ వేరు. జడ నాలుగడుగులు చాలు. లోపల పొరలు ఉండవు, నడుమ ఒక సన్నటి తోలు తాడు పెట్టి దాని చుట్టూ నాలుగు పాయలు అల్లుతారు. తప్పు పడితే కంటికి కనబడుతుంది, అక్కడిదాకా విప్పి మళ్లీ అల్లుకోవచ్చు. అందుకే దీనికి ఓటు.

సర్కస్‌లో లాగా, సినిమాల్లో లాగా ఆడించాలనే కోరికతో వచ్చినవాళ్లకు చర్నాకోల నచ్చకపోవచ్చు. ఆ పని దీనితో కాదు, ఒప్పుకుంటాను. వాళ్లు నైలాన్ దారి పట్టడం మేలు, దాని సంగతి కింద ఉంది.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది

సరుకు ఎంచుకునే ముందు ఇది తెలిసి ఉండాలి. కొరడా ఛెళ్లుమనే చప్పుడు అది దేనికో తగలడం వల్ల వచ్చేది కాదు. ఊపినప్పుడు పిడి దగ్గర పుట్టిన వంపు కొస వైపు పరుగెడుతుంది. కొరడా సన్నబడేకొద్దీ ఆ కొంచెం బరువు మీదే మొత్తం శక్తి పడి వేగం పెరుగుతూ పోతుంది, చివరికి ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను, దాటేస్తుంది. యుద్ధ విమానం చేసే మోత లాంటిదే ఇది, చిన్న మోతాదులో. 1958 నాటికే హైస్పీడ్ ఫొటోలతో శాస్త్రవేత్తలు ఈ కదలికను పరిశీలించారు. 2002లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆలెన్ గొరియేలీ, టైలర్ మెక్‌మిలన్ లెక్కలు కట్టి, మోతకు మూలం ఆ పరుగెత్తే వంపేనని చూపించారు.

మనకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటే: సన్నబడటం. ఖరీదైన తోలు, పన్నెండు పాయల అల్లిక, పిడి మీద ముడుల అందం, ఇవేవీ చప్పుడు ఇవ్వవు. పిడి దగ్గర బొటనవేలంత ఉన్న జడ కొసకు వచ్చేసరికి పెన్సిల్ కన్నా సన్నబడాలి, మధ్యలో ఎక్కడా మెట్టు పడకుండా. అది చేతికి నేర్పే సరుకేదో అదే మొదటి సరుకు.

సరుకు: బర్రె, మేక, ఆవు, కంగారూ, నైలాన్

కంగారూ తోలుకు పేరు ఊరికే రాలేదు. దాని నారలు ఒకే వాటంగా, దగ్గర దగ్గరగా అల్లుకుని ఉంటాయి. అందువల్ల మిల్లీమీటరు కన్నా పలచగా చెక్కినా లాగుడుకు ఆగుతుంది. పలచగా ఉంటే పాయలు ఎక్కువ పెట్టొచ్చు, జడ నున్నగా వస్తుంది. కానీ ఆస్ట్రేలియా నుంచి తెప్పించుకోవాలి, ఖర్చు, కస్టమ్స్ టెన్షన్ రెండూ ఉంటాయి. పైగా నేర్చుకునేటప్పుడు సగం తోలు చెత్తబుట్టలోకే పోతుంది. చెయ్యి కుదిరాక, అమ్మకానికి చేసే రోజున దాని గురించి ఆలోచించండి.

ఆవు, ఎద్దు తోలు విషయంలో మహారాష్ట్రలో చట్టం ముందుగా తెలుసుకోవాలి. 1976 చట్టం గోవధను నిషేధించింది, 2015 మార్చిలో అమల్లోకి వచ్చిన సవరణ ఎద్దులకు, కోడెలకు కూడా ఆ నిషేధాన్ని విస్తరించింది. బర్రెలు ఆ నిషేధం కిందికి రావు. తోలు ఏదైనా సరే, కొన్నచోట బిల్లు తీసుకుని దగ్గర పెట్టుకోండి, అందులో ఏ పశువు తోలో రాయించండి. సరిహద్దు దాటి నిజామాబాద్ వైపు, నిర్మల్ వైపు రోజూ తిరిగే మనలాంటివాళ్లకు ఆ కాగితం అవసరం ఎక్కువ.

కాబట్టి బర్రెతోలు. దీనికి లోపాలు లేకపోలేదు. పైపొర గరుకుగా ఉంటుంది, నారలు కాస్త వదులు, మొత్తం తోలు మందంగా ఉంటుంది కాబట్టి పొరలుగా చీల్చి అమ్ముతారు. కింది పొర చవక, దాని మీద రంగు పూసి పైపొరలా చూపించి అంటగడతారు. వెనక్కి తిప్పి చూడండి: రెండువైపులా బొచ్చులాంటి నార కనిపిస్తే, ఒకవైపు దాని మీద ప్లాస్టిక్ లాంటి పూత ఉంటే అది కింది పొర. దానితో కోసిన పాయ గట్టిగా లాగితే పుటుక్కుమంటుంది. పైపొర ఉన్న తోలు, రెండు మిల్లీమీటర్ల లోపు మందం, వీపు భాగం, ఈ మూడూ అడిగి కొనండి. పొట్ట భాగం సాగుతుంది, కొరడాకు పనికిరాదు.

మేకతోలు పలచన, చేతికి మెత్తన, మన దగ్గర సులువుగా దొరికేది. ఒక్క మేకతోలుతోనే కొరడా మొత్తం చేస్తే బరువు చాలదు. బర్రెతోలు నడుమ పెట్టి పైన మేకతోలుతో అల్లితే బాగుంటుంది, అది రెండో మెట్టు.

ఏ జంతువుదో కన్నా ఎలా పదును చేశారన్నది, అంటే పచ్చితోలును కుళ్లకుండా ఎలా తయారు చేశారన్నది, ముఖ్యం. క్రోమ్ రసాయనంతో పదును చేసిన తోలు మెత్తగా, సాగుడుగా ఉంటుంది. సోఫాలకు, జాకెట్లకు మంచిది. చెట్ల బెరడుతో, కరక్కాయతో పదును చేసినది గట్టిగా ఉండి, తడిపి వంచితే ఆ వంపును పట్టుకుంటుంది, అంచు చెక్కితే చెక్కినట్టే నిలుస్తుంది. ఒకప్పుడు మన ఊళ్లలో తంగేడు చెక్క వేసి పదును చేసేవాళ్లు. తేడా పట్టడం కష్టం కాదు. కోసిన అంచును చూడండి, లోపల నీలి బూడిద రంగు ఛాయ ఉంటే క్రోమ్, మొత్తం గోధుమ రంగే ఉంటే బెరడు పదును. ఒక చుక్క నీళ్లు వేస్తే బెరడు తోలు పీల్చుకుని నల్లబడుతుంది. ఇంకా అనుమానం ఉంటే సన్నటి ముక్క కాల్చండి, క్రోమ్ తోలు బూడిద ఆకుపచ్చగా దిగుతుంది.

అలాంటి తోలు కోసం చెన్నై పెరియమేట్, ముంబై ధారావి పెద్ద చోట్లు. కానీ మహారాష్ట్రలో ఉండి కొల్హాపురీ చెప్పుల సంగతి మరిచిపోకూడదు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ చెప్పులకు వాడేది తుమ్మ బెరడు, కరక్కాయలతో పదును చేసిన తోలే. గుర్తింపు ఉన్న జిల్లాల్లో షోలాపూర్ ఒకటి, అక్కడ మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ఎవరో ఒకరు చుట్టమో పక్కమో తగలకపోరు. అడుగుభాగం తోలు మాత్రం తీసుకోకండి, అది కొరడాకు మరీ మందం. చెప్పు పైన సన్నటి తోలు పాయలతో అల్లే 'వేణీ' పని చేసేవాళ్లు వాడే తోలు అడగండి. వీలైతే ఆ పని కాసేపు పక్కన కూర్చుని చూడండి కూడా.

నైలాన్ గురించి నిందగా మాట్లాడేవాళ్లు ఉన్నారు, నేను కాదు. పారాకార్డ్ అనే ట్రెకింగ్ తాడు సుమారు నాలుగు మిల్లీమీటర్ల లావుంటుంది, 550 రకం అంటే 550 పౌండ్లు, దాదాపు 250 కిలోల లాగుడుకు తట్టుకునేది. వంద మీటర్ల చుట్ట ఒకటి కొంటే ఆరడుగుల కొరడాకు సరిపోతుంది. తప్పు పడితే విప్పి అదే తాడుతో మళ్లీ అల్లొచ్చు, వానలో తడిసినా బూజు పట్టదు, రాత్రి భోజనం అయ్యాక మంచం మీద కూర్చుని సాధన చేయొచ్చు. నకిలీ తాడు పట్టాలంటే చిన్న ముక్క నీళ్లలో వేయండి, నైలాన్ మునుగుతుంది, చవక పాలీప్రొపిలీన్ తేలుతుంది.

అయితే నైలాన్ పాయ మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. సన్నబరచాలంటే మధ్యమధ్యలో పాయలు లోపలికి వదిలేస్తూ పోవాలి, లేదా తాడు లోపలి దారాలు లాగేయాలి. తోలులో ఆ పని కత్తి చేస్తుంది. అంటే నైలాన్‌తో అల్లిక నేర్చుకుంటారు, కోత నేర్చుకోరు. తోలు కొరడాలో కష్టమంతా కోతలోనే ఉంది.

కోత దగ్గర కాసేపు ఆగుదాం

నాలుగడుగుల జడకు పాయ ఎంత పొడుగుండాలి? అల్లికలో పొడుగు తగ్గుతుంది కాబట్టి కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే ఆరడుగులు. నాలుగు పాయలకు 24 అడుగులు. అంత పొడుగు తోలు కొనక్కర్లేదు. ఒక అడుగు అడ్డం ఉన్న గుండ్రటి ముక్క తీసుకుని, అంచు నుంచి లోపలికి ఆరు మిల్లీమీటర్ల వెడల్పున చుట్టుకుంటూ కోసుకుపోతే నడుమ కొంత వదిలేసినా పది మీటర్ల తాడు వస్తుంది. మనకు కావలసింది ఏడున్నర మీటర్ల లోపే. గుండ్రంగా కోసింది కాబట్టి వంకరగా ఉంటుంది. తడిపి, ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస చేతికి చుట్టుకుని మెల్లగా లాగితే సాఫీ అవుతుంది. ఇక్కడ సాగేదంతా ఇక్కడే సాగిపోవాలి. లేదంటే కొరడా వాడేటప్పుడు సాగి అల్లిక వదులవుతుంది. లాగేటప్పుడు తెగితే సంతోషించండి, బలహీనమైన చోటు అల్లకముందే దొరికింది.

తర్వాత పాయను కొస వైపు సన్నగా చెక్కాలి, మొదట్లో ఆరు మిల్లీమీటర్లు, చివర్న మూడు. ఆపైన అసలు పని: ప్రతి పాయకు లోపలివైపు రెండు అంచులూ ఏటవాలుగా చెక్కడం. రంపె (తోలు కోసే కత్తి) పదును బాగుండాలి, పాయను చెక్క పలక మీద పెట్టి ఎడమచేతి బొటనవేలితో అదిమి, కత్తిని కదపకుండా పాయను లాగాలి. సన్నటి తొక్క ఉంగరాలు తిరుగుతూ ఊడి రావాలి. మధ్యలో తెగితెగి వస్తుంటే కత్తి మొద్దుబారినట్టు. ఈ ఏటవాలు లేకపోతే పాయ మీద పాయ ఎక్కినచోట మెట్టు వస్తుంది, జడ నాలుగు పలకలుగా కనబడుతుంది. చెక్కితే పాయలు ఒకదానిలో ఒకటి కూర్చుని గుండ్రంగా వస్తుంది.

అల్లే ముందు పాయలకు సబ్బు కొవ్వు పట్టించాలి. బట్టల సబ్బు తురిమి నీళ్లలో కరిగించి, గొర్రె కొవ్వు కరిగించి కలిపితే వెన్నలా అవుతుంది. తోలు జారుతుంది, బిగువుగా లాగినా అంచు చిరగదు. అల్లిక చెప్పడానికి తేలికే: కుడివైపు చివరి పాయను వెనకగా తిప్పి, ఎడమవైపు రెండు పాయల నడుమ నుంచి ముందుకు తెచ్చి, లోపలి పాయ మీదుగా మళ్లీ కుడికే చేర్చాలి. తర్వాత ఎడమవైపు చివరిదానితో అలాగే. ప్రతిసారీ ఒకే బలంతో లాగడం దగ్గరే అందరూ తడబడతారు. పని ఆపాల్సి వస్తే రెండు వైపులా సమంగా వచ్చాక ఆపి, కట్టేసి లేవండి.

ఎనిమిది, పన్నెండు పాయల మోజు ఇప్పుడే వద్దు. పాయలు పెరిగితే జడ నున్నగా, అందంగా ఉంటుంది, కానీ ప్రతి పాయనూ అంత సన్నగా, అంత సమంగా కోయగలగాలి. నాలుగు పాయలు సరిగ్గా కోయడం వచ్చినవాడికి ఎనిమిది పెద్ద విషయం కాదు.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

వీడియోలు అల్లికకు బాగుంటాయి. ఆపి, వెనక్కి జరిపి, వేళ్లు ఎటు పోతున్నాయో చూసుకోవచ్చు. కోతకు మాత్రం వీడియో పనికిరాదు, కత్తి ఎంత ఒత్తుతోందో తెర మీద కనబడదు. అక్కడ చూపే మందాలు ఔన్సుల్లో ఉంటాయి, ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మిల్లీమీటరు, అది గుర్తుంటే చాలు.

చెన్నైలో 1948 నుంచి ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని ఫుట్‌వేర్ డిజైన్ సంస్థ లాంటివాటిలో నేర్పేది ప్రధానంగా పదును, చెప్పులు, బ్యాగులు. తోలునే వృత్తిగా తీసుకునేవాళ్లు అటు చూడాలి. ఒక కొరడా కోసం అంత దూరం అక్కర్లేదు.

మీ తాలూకాలో చెప్పులు కుట్టే పెద్దాయన, ఎద్దుల పట్టెడలు చేసే కాక ఎవరో ఒకరు ఉంటారు. తోలును వేలితో తడిమి ఏది వీపో ఏది పొట్టో చెప్పగలిగేది వాళ్లే. మాదిగలు, మాంగులు, చాంభార్లు తరతరాలుగా ఈ పని చేస్తూ వచ్చారు, ఊరు వాళ్లకు ఇచ్చింది చాలా తక్కువ, అన్న మాటలు మాత్రం చాలా ఎక్కువ. అందుకని "కాకా, కొంచెం చూపించు" అని చాయ్ తాగించి సరిపెట్టుకోకండి. రోజుకు ఎంత సంపాదిస్తారో అడిగి, అంతకు తగ్గకుండా ఇచ్చి కూర్చోండి. తోలు కూడా ఆయన చేతే కొనిపించండి. అల్లిక ఆయనకు రాకపోయినా ఫరవాలేదు, మీకు కావలసింది ఆ రంపె పట్టు.

రెండూ కలిపి చేసుకోవడం అన్నిటికన్నా లాభం: ఇంట్లో రాత్రిళ్లు నైలాన్‌తో అల్లిక సాధన, వారానికోసారి ఆయన దగ్గర కోత. పనిముట్ల మీద ఎక్కువ ఖర్చు వద్దు. రంపె, ఆరె (తోలుకు రంధ్రం చేసే సూది), చెక్క పలక, గుంజ, అంతే.

కట్టుబాట్లు, కాపాడుకోవడం

చర్నాకోల పని చప్పుడు చేయడం, కొట్టడం కాదు. పశువును కొట్టి బాధపెట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. మంచి బండివాడు ఎద్దు చెవి పక్క గాలిలో మోగిస్తాడు, ఒంటికి తగలనివ్వడు. మనుషుల విషయంలోనూ అంతే, సాధన చేసేటప్పుడు కళ్లద్దాలు, టోపీ, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, చుట్టూ రెండు కొరడాల దూరంలో ఎవరూ ఉండకూడదు.

జడ చివర కట్టే తోలు వారు, దాని చివర దారం ముందుగా అరిగిపోతాయి. అవి అరగడానికే ఉన్నవి, జడ కొసను కాపాడేవి అవే. దారం తెగిన కొరడా మోగించకండి. నూనెకు ఆముదం చాలు, పలచగా, అప్పుడప్పుడు. వానాకాలంలో గాలి తగిలేచోట వదులుగా చుట్టి వేలాడదీయండి. అలాగే వానల్లో తోలు ఉబ్బి ఉంటుంది, అప్పుడు కోసి అల్లినది ఎండాకాలంలో వదులవుతుంది, కాబట్టి మొదటి జడకు దసరా తర్వాతి రోజులు బాగుంటాయి.

అల్లే ముందు మంచివి నాలుగు చేతితో పట్టి చూడాలనుకుంటే లోహా తాలూకాలోని మాళేగావ్ ఖండోబా జాతర ఉంది. డిసెంబర్, జనవరి ప్రాంతంలో జరిగే ఆ జాతరకు గుర్రాలు, గాడిదలు, లాల్ కంధారీ ఎద్దులు అన్నీ వస్తాయి, వాటి సామాను కూడా. అక్కడ చర్నాకోల బేరం ఆడే ముందు కర్ర పట్టుకుని జడను కిందికి వదలండి. వేళ్లతో పై నుంచి కొస దాకా మెల్లగా జారుస్తూ రండి, ఎక్కడైనా ఒక్కసారిగా సన్నబడితే లోపల ముక్క అతికారన్నమాట. కాస్త వంచి చూడండి, వంపు గుండ్రంగా తిరగాలి, మోచేయిలా విరగకూడదు. తర్వాత ఖాళీ జాగాలోకి వెళ్లి ఒకసారి మోగించి చూస్తానని అడగండి. వద్దన్నవాడి దగ్గర కొనకండి.